పూజలో పెట్టిన సర్వరు

విజయదశమి మరునాడు నా ఫోన్ మోగని సంవత్సరం ఇంతవరకూ లేదు. సర్వర్లు బాగుచేసే పనిలో ఇరవై ఏళ్ళు దాటాయి నాకు. ఉండేది తిరుపతిలో. ఇటు సూళ్లూరుపేట, అటు చిత్తూరు, మధ్యలో ఎక్కడ ఏ సర్వరు మొరాయించినా బ్యాగు భుజాన వేసుకుని బస్సెక్కుతాను. ఏడాది పొడుగునా సర్వర్లు ఎండకు చెడిపోతాయి, దుమ్ముకు చెడిపోతాయి, కరెంటు కోతలకు చెడిపోతాయి. వాటి మీద నాకు కోపం లేదు. ఆయుధ పూజ తర్వాత చెడిపోయేవి మాత్రం భక్తితో చెడిపోతాయి. వాటిని చూస్తేనే నాకు ఒళ్ళు మండుతుంది.

ఒక కాలేజీలో కొబ్బరికాయను సర్వరు పక్కనే కొట్టి నీళ్ళు దాని మీద చిలకరించారు. ఇంకో చోట వెనకవైపు గాలి పోయే జల్లెడకు బంతిపూల దండ కట్టారు. పూరేకులన్నీ లోపలికి పోయి ఫ్యాను పులిహోర కలిపినట్టు కలిపేసింది. నేనూ పూజ చేసేవాణ్ణే. మహానవమి రోజు మా ఇంట్లో స్క్రూడ్రైవర్లకు, మీటరుకు బొట్టు పెట్టనిదే మెతుకు ముట్టను. కానీ దేవుడికి దండం పెట్టేటప్పుడు బుర్రను చెప్పులతో పాటు బయట విడవమని ఎవరు చెప్పారు వీళ్ళకు?

ఆ ఏడు పిలుపు చిత్తూరు నుంచి వచ్చింది. అక్కడ ఒక చిన్న స్కాన్ సెంటరు ఉంది, నేను నాలుగైదేళ్ళుగా వెళ్తున్నదే. తీసిన ప్రతి స్కాన్ బొమ్మా అక్కడి సర్వరులోనే ఉంటుంది. ఫోన్ చేసింది మేనేజరు.

"ఏమప్పా, సర్వరు లేయలేదప్పా. పొద్దున్నుంచీ బుస్సుబుస్సుమని ఊదతా ఉండాది గానీ బొమ్మ రాలేదు."

"ఎవరైనా ముట్టుకున్నారా?"

"ఎవురూ ముట్టుకోలేదప్పా. ఊరికే పూజ చేసినాము, అంతే."

ఎవరూ ముట్టుకోలేదు! ఈ మాట విన్నప్పుడల్లా నాకొక రూపాయి ఇచ్చి ఉంటే తిరుపతిలో ఈపాటికి మేడ కట్టేవాణ్ణి. డాక్టరు దగ్గరికి పోయి కడుపునొప్పి అని చెప్పి, రాత్రి ఏం తిన్నావంటే ఏమీ తినలేదనే మనిషిని ఏం చేయాలి? మందు దేనికివ్వాలి? పదిమందిని నిలబెట్టి అడిగినా పదిమందీ దొంగకు తేలు కుట్టినట్టు నిలబడతారు. అందుకే నేను వెళ్ళగానే ముందు అరుస్తాను. అరిస్తే నిజం బయటికి వస్తుందని నా నమ్మకం. ఈ నమ్మకం నాకు ఎవరు నేర్పారో తెలియదు.

తొమ్మిదిన్నరకు చిత్తూరు బస్టాండులో దిగాను. సెంటరుకు వెళ్ళేసరికి వాకిట్లో పగలగొట్టిన బూడిద గుమ్మడికాయ ముక్కలు కుంకుమతో ఎర్రగా ఇంకా అలాగే ఉన్నాయి. కాలు జారి పడబోయాను. అక్కడి నుంచే మొదలైంది నా కోపం.

సర్వరు ఉండేది మెట్ల కిందున్న చిన్న ఏసీ గదిలో. నడుము ఎత్తు డబ్బా అది. దాని ముఖానికి మూడు పట్టెల విభూతి, మధ్యలో అరచేతిలో సగం ఉండే చందనం బొట్టు, దాని మీద కుంకుమ. పైన బొరుగులు, శెనగల పళ్ళెం. కింద నాలుగు మూలలా నాలుగు నిమ్మకాయలు, బండి టైరు కింద పెట్టినట్టు. అది ఎక్కడికి కదులుతుందని? ఇంతకన్నా ఘోరం, లోపల ఏం జబ్బో చెప్పడానికి ఆ డబ్బాకు ముందువైపు చిన్న లైట్ల కిటికీ ఒకటుంది. చందనం సరిగ్గా దాని మీదే పెట్టారు.

"కళ్ళకు గంతలు కట్టినారు కదప్పా దీనికి!" అన్నాను.

"అది నుదురనుకున్నామప్పా," అన్నాడు మేనేజరు, నవ్వుతూ.

నేను నవ్వలేదు. తడిగుడ్డ అడిగాను. తెచ్చింది అక్కడ ఊడ్చి తుడిచే ఆవిడ. నలభై, నలభై అయిదేళ్ళుంటాయి. ఎప్పుడు వెళ్ళినా నాకు మంచినీళ్ళు, టీ తెచ్చి ఇచ్చే మనిషి. గుడ్డ నా చేతికిచ్చి పోకుండా తలుపు దగ్గరే నిలబడింది.

"సార్, సాయంత్రానికి లేస్తాదా సార్?"

"ఇప్పుడే కదమ్మా గడప తొక్కినాను! నాడి చూడనీ ముందు."

ఆమె వెళ్ళిపోయాక మేనేజరు సంగతి చెప్పాడు. ఆమె భర్త మామిడి మండీలో మూటలు మోస్తాడు. ఉగాది తర్వాత దగ్గు తగ్గక ఇక్కడే స్కాన్ తీస్తే ఊపిరితిత్తిలో చిన్న గడ్డ కనబడింది. మందులు వాడారు. దగ్గు పోలేదు. పోయిన వారం వేలూరు ఆసుపత్రికి తీసుకుపోతే అక్కడి డాక్టరు కొత్త స్కాన్ తీయించి, పాతది కూడా తెమ్మన్నాడు. రెండూ పక్కపక్కన పెడితే తప్ప ఆ గడ్డ పెరుగుతోందో, అలాగే ఉందో చెప్పలేనన్నాడు. రేపు పొద్దున ఎనిమిదింటికి రమ్మన్నాడు. రేపు తప్పితే మళ్ళీ ఎప్పుడు పిలుస్తారో తెలియదు.

"ఫిల్మ్ ఇచ్చి ఉంటారు కదా అప్పుడు?" అన్నాను.

"ఇచ్చినామప్పా. వాళ్ళది రేకుల ఇల్లు. బీరువా మీద పెట్టినారంట. ఎండాకాలమంతా ఆ రేకుల కింద ఉడికి, బొమ్మ కనబడకుండా నల్లగా మాడిపోయింది. పండగ ముందురోజు నన్ను అడిగినాది. కంప్యూటరు చూసే పిల్లోడు సెలవులో ఉన్నాడు, పండగైనాక సీడీలో వేసిస్తాములే అన్నాను. ఇట్లవుతాదని ఎవురికి తెలుసు?"

"బ్యాకప్ ఉండాది కదా. పోయినేడు నేనే డ్రైవ్ కొనిపిస్తిని. నెలనెలా తీయమంటిని. ఆ డ్రైవ్ తే."

మేనేజరు గడ్డం గోక్కున్నాడు. ఆ గోకుడు చూడగానే నాకు అర్థమైంది.

"ఆ డ్రైవ్‌లో మా పాప పెళ్ళి వీడియో ఎక్కించినామప్పా. చోటు సాలక పాతవి తీసేసి..."

నేను కళ్ళు మూసుకుని పది లెక్కపెట్టాను. ఇరవై దాకా పెట్టాల్సి వచ్చింది. ఊళ్ళో జనం గుండెలు, మెదళ్ళు, ఊపిరితిత్తులు చెరిపేసి ఆ చోట్లో తలంబ్రాలు పెట్టుకున్నారు మహానుభావులు!

సరే, పని మొదలుపెట్టాను. బటన్ నొక్కితే ఫ్యాన్లన్నీ గట్టిగా అరుస్తాయి, పది సెకన్లకు ఆగిపోతాయి, మళ్ళీ వాటంతట అవే మొదలవుతాయి. తెర మాత్రం నల్లగానే ఉంది. చందనం తుడిచాక కిటికీలో కాషాయం రంగు లైటు వెలుగుతోంది. ఎక్కడో తేడా ఉందని చెబుతుంది అది, ఎక్కడో మాత్రం చెప్పదు. ఆ మోడల్ అంతే. ముందు మనుషుల్ని విచారించాలి కాబట్టి అందరినీ గది ముందుకు పిలిచాను. మేనేజరు, స్కాన్ తీసే అతను, రిసెప్షన్ అమ్మాయి, ఊడ్చే ఆవిడ.

"దీని మూత ఎవరైనా తీసినారా? నిజం చెప్పండి. తీసి ఉంటే పది నిమిషాల్లో అయిపోతాది. అబద్ధం చెప్పితే నా ప్రాణం పోతాది, మీ పని చెడిపోతాది!"

గొంతు పెంచే అడిగాను. బయట కూర్చున్న పేషెంట్లు కూడా తిరిగి చూశారు. స్కాన్ తీసే అతను తాను ఊళ్ళోనే లేనన్నాడు. రిసెప్షన్ అమ్మాయి బొట్టు మాత్రమే పెట్టానంది, ఏడుపు మొహంతో. ఊడ్చే ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఎలా ఆపారని అడిగితే మేనేజరు చెప్పాడు: పూజలో పెట్టిన మిషను ఆ రోజు పని చేయకూడదు కదా, అందుకని యూపీఎస్ స్విచ్ కట్టేశాడట. సర్వరును పద్ధతిగా మూయలేదు. నిలబడి ఉన్న మనిషి కాళ్ళ కింద పీట లాగేసినట్టు కరెంటు తీసేశాడు.

దొరికాడు దొంగ అనుకున్నాను. మూత ఎవరూ తీయలేదు, కరెంటు చటుక్కున తీశారు. అంటే దెబ్బ పవర్ సప్లైకి తగిలి ఉండాలి. ఆ సర్వరుకు పవర్ సప్లైలు రెండు. ఒకటి తీసి ఒకటి పెట్టి చూశాను. అటుది ఇటు, ఇటుది అటు మార్చాను. వైర్లు మార్చాను. మీటరు పెట్టి కొలిచాను. రెండూ రాయిలాగా గట్టిగా ఉన్నాయి. పదకొండున్నర అయింది.

ఆవిడ టీ తెచ్చింది. "లేస్తాదా సార్?"

"మీరు పదిసార్లు అడిగితే లేస్తాదా అమ్మా? అది చంటిబిడ్డ కాదు కదా!"

ఆమె గ్లాసు పెట్టి వెళ్ళిపోయింది. మాట అన్నాక నాకే బాగాలేదు. కానీ పనిలో పడి మరిచిపోయాను.

తర్వాత మదర్‌బోర్డు మీద గుండీలాంటి చిన్న బ్యాటరీ మార్చాను. అదనంగా గుచ్చిన కార్డులన్నీ పీకేశాను. అనుమానం ఉన్నప్పుడు మా పద్ధతి అది, పెళ్ళికొచ్చిన చుట్టాలందర్నీ పంపేసి ఇంటివాళ్ళు ఎలా ఉన్నారో చూడడం. అప్పుడూ అదే ఊపిరి, అదే ఆగడం. చివరికి ర్యామ్ దగ్గరికి వచ్చాను. జానెడు కన్నా పొట్టిగా, పచ్చగా ఉండే నాలుగు పలకలు అవి. నిలువుగా స్లాట్లలో దిగి ఉంటాయి, కింది అంచున వరసగా బంగారు పూత పళ్ళుంటాయి. తీసి చూశాను. పళ్ళు ధగధగా మెరుస్తున్నాయి. ఇంత శుభ్రంగా ఉన్నాయంటే ఇక్కడేమీ తేడా లేదు, అంతా ఏసీ గది మహిమ అనుకున్నాను. లోపల అక్కడక్కడా తెల్లగా కనిపించింది. పైన పట్టెలు పెట్టిన విభూతి మూత తీసేటప్పుడు రాలిందనుకుని ఉఫ్ అని ఊదాను. అప్పటికి నా కళ్ళజోడు బ్యాగులోనే ఉంది. జోడు పెట్టుకుంటే ముసలివాణ్ణయిపోయానని జనం అనుకుంటారని దాన్ని బ్యాగులోనే ఉంచుకునే రకం నేను.

ఒక్కొక్క పలకనూ ఒక్కొక్క స్లాటులో పెట్టి చూశాను. నాలుగు పలకలు, నాలుగు స్లాట్లు, పదహారు సార్లు. ఒకసారి అసలు ఉలకలేదు. ఒకసారి తెర మీద రెండు వరసలు అక్షరాలు వచ్చి ఆగిపోయాయి. అయిదోసారి వచ్చింది తొమ్మిదోసారి రాలేదు. ఒక పలక ఇక్కడ ఆ రెండు వరసలు చూపించి అక్కడ చూపించదు, ఇంకోటి అక్కడ చూపించి ఇక్కడ చూపించదు. పిచ్చెక్కిపోయింది నాకు. తల ప్రాణం తోకకొచ్చింది. మధ్యాహ్నం మేనేజరు తెప్పించిన సాంబారన్నం అలాగే చల్లారిపోయింది. నాలుగు పలకలూ ఒకేసారి చెడిపోవు. నాలుగు స్లాట్లూ ఒకేసారి చెడిపోవు. ఇక మిగిలింది ఒక్కటే.

మూడు గంటలకు లేచి నడుము విరుచుకుని తీర్పు చెప్పాను. "బోర్డు పోయిందప్పా."

"అంటే?"

"అంటే మదర్‌బోర్డు మార్చాల. పాత మోడలు, మద్రాసులో వెతికించాల. దొరికితే వారం, పది దినాలు పడతాది, దొరక్కుంటే నెలలే."

"అంతలోపల ఆయమ్మ మొగుడి స్కాను? హార్డ్ డిస్కు పీకి ఇంకో కంప్యూటరుకు తగిలిస్తే రాదా?"

అదీ చెప్పాను. అందులో నాలుగు డిస్కులున్నాయి. ప్రతి బొమ్మనూ సర్వరు ముక్కలు చేసి నాలుగింట్లో పంచి పెడుతుంది. విడిగా ఏది తీసినా చింపిన ఉత్తరంలో పావువంతే చేతికొస్తుంది. అన్నీ కలిపి చదవాలంటే అదే రకం సర్వరు ఇంకొకటి కావాలి. తిరుపతిలో నా దగ్గర లేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు నేను బోర్డు మీదికి నెట్టానని అప్పుడు నాకు తెలియదు. బ్యాగు సర్దడం మొదలుపెట్టాను. నాలుగింటి బస్సు అందుకుంటే చీకటి పడేలోగా ఇంట్లో ఉంటానని లెక్క వేసుకున్నాను కూడా.

మేనేజరు ఓనరుకు ఫోన్ చేయడానికి బయటికి వెళ్ళాడు. ఊడ్చే ఆవిడ గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. ఆమె మొహంలో నెత్తురు లేదు.

"సార్. మీరు అరవనంటే ఒక మాట సెప్తాను."

"నేనేం అరవనమ్మా! అరిచే ఓపిక కూడా లేదు నాకు!" అని అరిచాను.

ఆమె రెండడుగులు వెనక్కి వేసింది. వెళ్ళిపోతుందనుకున్నాను. వెళ్ళలేదు. పైట కొంగు వేలికి చుట్టుకుంటూ నేల చూస్తూ చెప్పింది.

"మేనేజరు సారు కరెంటు కట్టేసినాక మూత నేనే తీసినాను సార్. ఆ పచ్చ సెక్కలు నాలుగూ తీసి, తుడిసి, మళ్ళా పెట్టినాను."

"దేంతో తుడిచినావు?"

"ఇబూదితో సార్."

ఆమె గబగబా చెప్పుకుంటూ పోయింది. పోయినేడు నేను వచ్చినప్పుడు ఆమె టీ ఇస్తూ చూసిందట. ఆ పలకలు తీసి, రబ్బరుతో వాటి పళ్ళు రుద్ది, మళ్ళీ పెడితే చచ్చిన మిషను లేచి కూర్చుందట. మూత తీయడానికి స్క్రూ అక్కర్లేదు, ఒక్క పిడి లాగితే చాలు, అదీ చూసింది. పూజకు ముందు అన్నీ కడిగి తుడవాలి కదా, ఈ మిషను మాత్రం పైపైన తుడిచి ఊరుకుంటే ఎలాగనుకుంది. ఇంట్లో వెండి కుందులను ప్రతి పండక్కీ విభూతి వేసి గుడ్డతో రుద్దుతుంది, అద్దంలా మెరుస్తాయి. ఇవి బంగారు పళ్ళు. రబ్బరు కన్నా విభూతి మేలనుకుంది.

"మా ఆయన బొమ్మ దీంట్లోనే ఉండాది కదా సార్. బాగా సుబ్రం సేస్తే బాగా వస్తాదనుకున్నా."

పలకలు అంత ధగధగా ఎందుకు మెరిశాయో అప్పుడు అర్థమైంది. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయింది. పళ్ళకు అంటిన మెత్తటి బూడిదంతా స్లాట్ల లోపలి సన్నటి తీగల మధ్య కూరుకుపోయి ఉంటుంది. నేను పదహారు సార్లు తీసి పెట్టి, ఇంకా బాగా దట్టించాను.

"పొద్దున పదిమందిలో అడిగితిని కదమ్మా! తీసినారా అని నోరు చించుకుని అడిగితిని కదా! అప్పుడు నోరేమైంది? ఆరు గంటలు! నీ మొగుడి ప్రాణం కదా అది!"

మళ్ళీ అరిచాను. ఈసారి ఆమె వెనక్కి పోలేదు. తలెత్తి నా కళ్ళలోకి చూసింది.

"అందుకే సార్ సెప్పలేదు. పోయినసారి రిసెప్షన్లో ఉన్న పిల్ల ఫోను చార్జింగు పెట్టుకోవాలని దీని ప్లగ్గు పీకినాదని మీరు ఇట్లే అరిస్తిరి. పేషెంట్లందరూ ఇన్నారు. నెల తిరక్కుండానే ఆ పిల్లను మానిపించినారు. ఇప్పుడున్నది ఏరే పిల్ల, మీరు సూసుకోలేదు. మా ఆయన మూట ఎత్తి ఆరు నెల్లాయె. నా పని కూడా పోతే వేలూరికి బస్సు ఎక్కను కూడా దిక్కుండదు. మెల్లంగా అడిగుంటే పొద్దున్నే సెప్పేదాన్ని సార్."

నిజంగానే నేను చూసుకోలేదు. పొద్దున ఏడుపు మొహంతో నిలబడిన అమ్మాయి, పోయినేటి అమ్మాయి ఒకరేననుకున్నాను. ఆ అరిచిన రోజు నాకు బాగా గుర్తుంది. బస్సులో వస్తూ, భలే బుద్ధి చెప్పానని నాలో నేనే మురిసిపోయాను. సిగ్గేసింది.

కుర్చీలో కూర్చున్నాను. బ్యాగులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకున్నాను.

"అమ్మా, ఒక కొత్త టూత్ బ్రష్ కావాల. అంగడి దగ్గర్లో ఉండాదా?"

"ఎదురుగానే ఉండాది సార్."

"పో. ఎందుకని ఎవురైనా అడిగితే నాకని చెప్పు."

ఆమె పరుగెత్తింది. వచ్చాక టార్చి ఆమె చేతికిచ్చాను. జోడు పెట్టుకుని చూస్తే, స్లాట్ల లోపల ఇంటి ముందు ముగ్గు వేసినట్టు సన్నటి తెల్ల గీత! ఇంత స్పష్టంగా ఉన్నదాన్ని పొద్దున్నుంచీ చూడకుండా బోర్డును చంపేశాను. చిన్న బ్లోయరు నా బ్యాగులో ఎప్పుడూ ఉంటుంది. బ్రష్‌తో కదిలించడం, గాలి కొట్టడం, స్పిరిట్‌లో ముంచి మళ్ళీ బ్రష్ పెట్టడం, ఆరనివ్వడం. ఒక్కో స్లాటుకు పావుగంట పట్టింది. పలకల పళ్ళను స్పిరిట్ గుడ్డతో తుడిచాను. ఆమె టార్చి పట్టుకున్న చెయ్యి ఒక్కసారి కూడా వణకలేదు. ఎక్కడ తెలుపు మిగిలిందో నాకన్నా ముందు ఆమెకే కనబడేది. "ఆ మూల సార్. ఇంకా లోపల. ఆ, ఆడే." అరవై, డెబ్బై మందిని చూశాను ఈ పనిలో, అంత బాగా లైటు పట్టిన మనిషిని చూడలేదు. ఆ మాట ఆమెతో పైకే అన్నాను.

ఒక్క పలక పెట్టి బటన్ నొక్కాను. ఫ్యాన్లు అరిచాయి. పది సెకన్లు. ఆమె ఊపిరి బిగబట్టడం నాకు వినబడింది. నేనూ బిగబట్టాను. ఫ్యాన్లు ఆగలేదు, మెల్లగా నెమ్మదించాయి. ఒక్క చిన్న కూత కూసింది. తెర మీద అక్షరాలు వచ్చాయి, ఆగకుండా వస్తూనే ఉన్నాయి. రెండోది పెట్టాను, మూడోది, నాలుగోది. కాషాయం లైటు ఆరి నీలం వెలిగింది. ఆమె తెర వైపు చూడలేదు. తలుపు చెక్కకు తల ఆనించి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

స్కాన్ తీసే అతను వచ్చి ఆమె భర్త బొమ్మలు వెతికి తీశాడు. సీడీలో వేస్తూ ఒకటి తెర మీద తెరిచి చూపించాడు. బూడిద రంగు ఊపిరితిత్తి, అందులో శెనగ గింజంత తెల్లటి చుక్క. ఆమె దాన్ని చాలాసేపు చూసింది. "ఇదేనా సార్?" అని నన్నే అడిగింది, అదేదో నాకు తెలిసినట్టు. నాకు తెలియదన్నాను. నాకు డబ్బాలు తప్ప మనుషుల సంగతి తెలియదని ఆ రోజు పొద్దున్నుంచీ రుజువు చేసుకుంటూనే ఉన్నాను.

మేనేజరు వచ్చి నీలం లైటు చూసి నోరు వెళ్ళబెట్టాడు. "బోర్డు పోయిందంటివి కదప్పా! ఏమైంది దీనికి?"

నా రిపోర్టు కాగితంలో కారణం అని ఒక గడి ఉంటుంది. అందులో నిజం తప్ప ఇంకేదీ రాయనని ఇరవై ఏళ్ళుగా గొప్పలు చెప్పుకున్నవాణ్ణి. "దుమ్ము" అని రాసి సంతకం చేశాను. ఆమె వైపు చూడలేదు. ఆ డ్రైవ్‌లో పెళ్ళి వీడియో ఈ పూటే తీసేయమని మేనేజరుకు మాత్రం గట్టిగా చెప్పాను. గట్టిగానే, కానీ తలుపు మూసి చెప్పాను.

మరునాడు మధ్యాహ్నం తిరుపతిలో ఒక ఆఫీసులో ప్రింటరు ముందు కూర్చుని ఉండగా ఫోన్ మోగింది. తెలియని నంబరు. ఆమే. వెనకాల ఆసుపత్రి గోల.

"సార్, మేనేజరు సారు మీ నెంబరు ఇచ్చినాడు. డాక్టరు పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి సూసినాడు సార్." వెనకాల గోల కాస్త దూరమైంది. "పెరిగిందంట."

నేను లేచి బయటికొచ్చాను.

"పాతది లేకుంటే ఏం సేసేవాళ్ళు సార్ అని అడిగినా. ఇంకో మూడు నెల్లు ఆగి, మళ్ళా స్కాను తీసి సూసేవాళ్ళంట. అప్పటికి ముదిరిపోయేదంట. ఇప్పుడైతే ఆ ముక్క వరకూ తీసేస్తే సాలంట సార్. గురువారం ఆపరేషను."

"మీ ఆయన ఎట్లా ఉండాడమ్మా?"

"ఆకలేస్తా ఉండాదంట సార్. ఇడ్లీ కొనకచ్చి ఇస్తే తింటా ఉండాడు. ఉంటాను సార్."

ఫోన్ పెట్టేసింది. నేను ఆ ఆఫీసు మెట్ల మీదే కూర్చుండిపోయాను. నిన్న మూడు గంటలకు నేను బ్యాగు సర్దుకున్నాను. బోర్డు పోయిందని చెప్పి నాలుగింటి బస్సు ఎక్కేవాణ్ణి. కిటికీ పక్క సీటు దొరికితే నిద్రపోయేవాణ్ణి కూడా. నా అరుపులకు ఆమె భయపడి ఆ ఒక్క మాటా మింగేసి ఉంటే, ఆ మనిషి ఛాతీలో ఆ గడ్డను మూడు నెలలు దాచిపెట్టి వచ్చేవాణ్ణి నేను. నాకు ఎప్పటికీ తెలిసేది కూడా కాదు.